తెర మీద 37.5.. మరి గుడ్డు దగ్గర?

పాతబస్తీలో కోడిపుంజు అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. బార్కస్ వైపు వెళ్తే అసీల్ పుంజుల్ని కన్నపిల్లల కంటే గారాబంగా పెంచే పెద్దమనుషులు కనిపిస్తారు. అలాంటి ఓ చాచా రెండేళ్ల కిందట మార్చిలో నా చేతిలో 24 గుడ్లు పెట్టారు. "ఇంజినీర్ సాబ్, నీ డబ్బా మీద భరోసా ఉంది" అన్నారు. మూడు వారాల తర్వాత నేను ఆయనకు తిరిగిచ్చింది ఐదు పిల్లల్ని. అందులో రెండు సరిగ్గా నిలబడలేకపోయాయి.

ఆ డబ్బా నేను చేసిన ఇంక్యుబేటరే. థర్మకోల్ పెట్టె, రెండు 60 వాట్ల బల్బులు, పాత కంప్యూటర్‌లోంచి పీకిన ఫ్యాను, ఆర్డునో బోర్డు, రిలే, డీఎస్18బీ20 సెన్సర్. సామానంతా కోఠీ గుజరాతీ గల్లీలో ఒక్క మధ్యాహ్నంలో దొరికింది. లాల్‌దర్వాజాలో మా ఇంటి మేడ మీద గదిలో పెట్టి నడిపాను. మూడు వారాలూ నిమిషానికో రీడింగు చొప్పున రికార్డు చేశాను. గ్రాఫు చూస్తే స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది, 37.5 దగ్గర. పిల్లలు బయటికి రాకముందే ఆ గ్రాఫును బ్లాగులో పెట్టి గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఫలితం వచ్చాక ఆ పోస్టు తీసేద్దామనుకున్నా. తీయలేదు. దాని కిందే తప్పంతా రాశాను. ఇప్పటికీ నా బ్లాగులో ఎక్కువ మంది చదివేది ఆ కింది భాగాన్నే.

తప్పు ఎక్కడ జరిగింది? ఫలితం వచ్చిన రాత్రి ఇంట్లో ఉన్న పాత పాదరసం జ్వరం థర్మామీటర్ తీసి, చిన్న ప్లాస్టిక్ సంచీల్లో నీళ్లు పోసి, గుడ్లు ఉన్న చోటల్లా పెట్టి కొలిచాను. సెన్సర్ ఉన్న మూలన 37.4. బల్బుల కింద మధ్య వరసలో 39.3. రెండు డిగ్రీల తేడా! ప్రోగ్రాము రాసినవాణ్ని నేనే. అది నేను చెప్పినట్టే నడిచింది. నేను చెప్పింది మూల గురించి, గుడ్లు ఉన్నది మధ్యలో. పైగా ఆ సెన్సర్ డేటాషీటు మొదటి పేజీలోనే అర డిగ్రీ అటూ ఇటూ తేడా ఉండొచ్చని రాసి ఉంటుంది. తెర మీద దశాంశం తర్వాత రెండంకెలు కనిపిస్తున్నాయి కదా అని నేను దాన్ని నమ్మేశాను.

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు రెండు డిగ్రీలంటే పెద్ద విషయంగా అనిపించదు. ఏసీ రిమోట్ మీద రెండు నొక్కులంతే. గుడ్డులో ఉన్న పిండానికి మాత్రం అది చావుబతుకుల విషయం.

ఎర్రటి ఉంగరం

గుడ్డు పెట్టే సమయానికే లోపల పని మొదలైపోయి ఉంటుందని చాలామందికి తెలియదు. కోడి కడుపులో గుడ్డు తయారవడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ సమయంలోనే ఫలదీకరణ జరిగిన కణం చీలుతూ చీలుతూ వేల కణాలవుతుంది. పచ్చసొన మీద కనిపించే తెల్లటి చుక్క అదే. బయటికొచ్చి చల్లబడగానే ఎదుగుదల ఆగుతుంది. చనిపోదు, నిద్రపోతుంది. మళ్లీ వెచ్చదనం తగిలితే లేస్తుంది. (కిరాణా కొట్లో దొరికే ఫారం గుడ్లు పొదిగితే పిల్లలు రావు, వాటిలో ఫలదీకరణే జరగదు. బ్లాగులో నన్ను అందరికంటే ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇదే కాబట్టి ఇక్కడా చెప్పేస్తున్నా.)

వెచ్చదనం తగిలాక ఇక ఆగదు. ఒకటిన్నర రోజుకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. మూడో రోజుకు కాళ్లు, రెక్కలు మొలవబోయే చోట చిన్న మొగ్గలు కనిపిస్తాయి. చీకటి గదిలో గుడ్డు వెనక టార్చి పెట్టి చూస్తే సాలెగూడు లాంటి రక్తనాళాలు కనిపిస్తాయి. అది చూసిన మొదటిసారి మా అమ్మను నిద్రలేపి మరీ చూపించాను.

ఏడో రోజు 24 గుడ్లనూ అలాగే చూశాను. 12 గుడ్లలో సాలెగూడు ఉంది. నాలుగింట్లో ఏమీ లేదు. మిగిలిన ఎనిమిదింటిలో సాలెగూటికి బదులు సన్నటి ఎర్రటి ఉంగరం ఉంది. ఏదో కొత్తగా ఏర్పడుతోందనుకుని సంబరపడ్డాను. తర్వాత తెలిసింది, హేచరీల వాళ్లు దాన్ని బ్లడ్ రింగ్ అంటారు. రక్తనాళాలు ఏర్పడుతున్న తొలి రోజుల్లోనే పిండం చనిపోతే, ఆ రక్తం అంచులకు చేరి ఉంగరంలా మిగిలిపోతుంది. గుడ్ల మీద పెన్సిలుతో నంబర్లు వేసి పెట్టుకున్నాను. ఎనిమిదిలో ఆరు మధ్య వరసవి.

వేడి ఎందుకంత పని చేస్తుంది? పిండం ఎదగడమంటే ఒకే పని కాదు, వందల పనులు ఒకేసారి జరగడం. కణాలు చీలాలి, తమ చోటు మారాలి, కొన్ని గుండెగా, కొన్ని మెదడుగా మారాలి. ప్రతి పని వెనకా ఎంజైములుంటాయి. వేడి పెరిగితే అన్నీ వేగం పుంజుకుంటాయి గానీ అన్నీ ఒకే లెక్కన పుంజుకోవు. కచ్చీ గోష్ట్ బిర్యానీ దమ్ వేసేవాళ్లనడగండి, చెప్తారు. పచ్చి మాంసం, సగం ఉడికిన బియ్యం ఒకే గిన్నెలో, ఒకే సమయానికి ఉడకాలి. తొందరపడి మంట పెంచితే రెండూ తొందరగా అయిపోవు. బియ్యం ముద్దవుతుంది, మాంసం పచ్చిగానే ఉంటుంది. పిండంలోనూ అంతే. ఎదుగుదల వేగంగానే సాగుతుంది, భాగాల మధ్య పొంతన తప్పుతుంది. తొలి రోజుల్లో వేడి ఎక్కువైతే తల, మెదడు ఏర్పడే దగ్గర లోపాలు వస్తాయి. నా ఐదు పిల్లలు 21వ రోజు దాకా ఆగకుండా 20వ రోజు తెల్లవారేసరికే పెంకు పగలగొట్టాయి. ముందే వచ్చాయని మళ్లీ సంతోషించాను! రెండింటికి బొడ్డు పూర్తిగా మూసుకోలేదు. వేడి ఎక్కువైందనడానికి అదో పాత గుర్తు.

చల్లదనం అంత కఠినం కాదు. కాస్త తగ్గితే పిండం నెమ్మదిస్తుంది, రోజు ఆలస్యంగా పిల్ల వస్తుంది. కోడి కూడా మేతకు లేచి వెళ్తుంది కదా, ఆ కాసేపు గుడ్లు చల్లబడతాయి. అరగంట కరెంటు పోతే కంగారు పడి మూత తీసి చూడకండి. మూత తీయడమే ఎక్కువ నష్టం.

వేడికీ కాలానికీ ఉన్న ఈ లంకె శాస్త్రవేత్తలనూ ఇబ్బంది పెట్టింది. "48 గంటల పిండం" అని ఒక ల్యాబ్ అంటే, ఇంకో ల్యాబ్‌లో 48 గంటల పిండం దానిలా ఉండేది కాదు. ఇంక్యుబేటర్లు వేరు, గుడ్లు వేరు, అంతకుముందు వాటిని నిల్వ ఉంచిన తీరు వేరు. అందుకే 1951లో విక్టర్ హాంబర్గర్, హోవార్డ్ హామిల్టన్ అనే ఇద్దరు అమెరికాలో గంటల లెక్క పక్కనపెట్టి, పిండం ఆకారాన్ని చూసి గుర్తించేలా 46 దశలు నిర్ణయించారు. డెబ్బై ఏళ్లు దాటినా కోడి పిండం మీద పరిశోధన చేసేవాళ్లు నేటికీ ఆ దశల నంబర్లే వాడతారు. గడియారం కంటే పిండాన్నే నమ్మాలన్నది వాళ్ల నిర్ణయం. నేను గ్రాఫును నమ్మాను.

ఇంకో తప్పు నాకు ఆర్నెల్ల తర్వాత గానీ అర్థం కాలేదు. చాచా ఆ గుడ్లను పది రోజుల పాటు పోగుచేశారు, వంటగది అటక మీద బుట్టలో. మార్చి హైదరాబాద్‌లో మధ్యాహ్నం వంటగది ఎంత వేడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. సుమారు 21 నుంచి 24 డిగ్రీలు దాటితే పిండానికి మెలకువ వస్తుంది, ఎదగడం మొదలుపెడుతుంది. పూర్తిగా ఎదగడానికి ఆ వేడి చాలదు. రాత్రి చల్లబడితే మళ్లీ ఆగుతుంది. పగలంతా సగం మెలకువ, రాత్రంతా సగం నిద్ర. అలా పది రోజులు గడిపిన పిండం నా పెట్టెలోకి వచ్చేసరికే నీరసించి ఉంటుంది. హేచరీల్లో నిల్వ గదిని 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచేది ఇందుకే. ఆ ఎనిమిది ఉంగరాల్లో నా పెట్టె వాటా ఎంత, బుట్ట వాటా ఎంత అన్నది ఇప్పుడు తేల్చలేం. చాచాతో మాత్రం బుట్ట మాట ఎత్తలేదు.

మే నెలలో ఖాళీ పెట్టెను నడిపి చూశాను. మధ్యాహ్నం మూడింటికి బల్బులు ఆరిపోయి ఉన్నాయి, తెర మీద 39.1! గదే పెట్టెను వేడెక్కిస్తోంది. నా సర్క్యూట్‌కు వేడి చేయడమే వచ్చు, చల్లబరచడం రాదు. యూట్యూబ్‌లో చూసి మనం కాపీ కొట్టే డిజైన్లలో చాలావరకు చలిదేశాల వాళ్లవి. వాళ్లకు ఈ సమస్యే ఉండదు. మన దగ్గర ఎండాకాలంలో పెట్టె పెట్టాల్సింది కింది అంతస్తులో, గచ్చు మీద. రేకుల గదిలో అస్సలు కాదు.

"మాకు ఉండేవి రెండేనన్నా"

బ్లాగు పోస్టు చదివి మా గౌలిపురా కుర్రాడొకడు ఫోన్ చేశాడు. నాకంటే మూడేళ్లు చిన్న. ఎమ్మెస్సీ చేసి నగరంలోని ఒక సంతాన సాఫల్య కేంద్రంలో ఎంబ్రియాలజిస్టుగా చేరాడు. "అన్నా, నువ్వు మధ్య వరసలో కనిపెట్టింది మాకు రోజూ పొద్దున చేసే పని" అన్నాడు. "నీకు 24 ఉన్నాయి, పోతే పోయాయి. మాకు ఒక్కోసారి ఉండేవి రెండేనన్నా. వాటికోసం బయట ఇద్దరు మనుషులు కూర్చుని ఉంటారు."

ఆ మాట విన్నాక నా గ్రాఫు మళ్లీ తెరిచి చూడబుద్ధి కాలేదు.

వాడి దగ్గర తెలుసుకుని, తర్వాత చదివి ఖరారు చేసుకున్నవి చెప్తాను. మనిషి పిండానికి ల్యాబ్‌లో ఇచ్చేది 37 డిగ్రీలు. 1978లో ఇంగ్లండ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ పుట్టినప్పటి నుంచీ ఈ అంకె చుట్టూనే అంతా నడుస్తోంది. అండం తీసిన రోజు నుంచి అయిదో రోజు దాకా పిండం డిష్‌లోనే ఉంటుంది. రెండో రోజుకు సుమారు నాలుగు కణాలు, మూడో రోజుకు ఎనిమిది, అయిదో రోజుకు బ్లాస్టోసిస్ట్ అనే బంతి ఆకారం.

కోడిగుడ్డు చల్లదనాన్ని ఓర్చుకుంటుందని పైన చెప్పానా, మనిషి అండం అలా కాదు. అండంలో క్రోమోజోములను వరసలో పట్టి ఉంచే కండె తంతువులు ఉంటాయి. చలి తగిలితే అవి విడిపోతాయి. 1990లో బ్రిటన్ పరిశోధకులు అండాలను పది నిమిషాలు గది ఉష్ణోగ్రత దగ్గర ఉంచి చూశారు. తంతువులు దెబ్బతిన్నాయి. మళ్లీ 37కు తెచ్చినా అన్నీ మునుపటిలా కుదురుకోలేదు. తంతువులు చెదిరితే క్రోమోజోములు తప్పు చోటికి పోతాయి. అలాంటి అండం ఫలదీకరణ చెందినా పిండం నిలవడం కష్టం. పది నిమిషాలంటే మనం ఇరానీ చాయ్ తాగి లేచే సమయం.

డిష్‌లో పిండం ఉండేది చిన్న చుక్కలో, మైక్రోలీటర్ల లెక్క. అంత చిన్న చుక్క ఇంక్యుబేటర్ తలుపు తీసి మైక్రోస్కోపు దాకా తెచ్చేలోపే చల్లబడటం మొదలుపెడుతుంది. అందుకే చుక్క మీద నూనె పొర పోస్తారు. మైక్రోస్కోపు బల్ల కూడా వెచ్చగా ఉంటుంది. ఆ బల్ల తెర మీద 37 ఉండదు, 38 పైన ఉంటుంది! బల్ల నుంచి వేడి డిష్ అడుగు దాటి చుక్కను చేరేలోపు కొంత పోతుంది. కాబట్టి చుక్కలో 37 రావాలంటే బల్లను ఎంతకు పెట్టాలో సన్నటి తీగ లాంటి సెన్సర్‌ను నమూనా డిష్‌లో ముంచి కనుక్కుంటారు. ఏసీ గాలి ఎటు కొడుతోందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. డిష్ రకం మార్చితే మళ్లీ కొలవాలి. మా వాడు పొద్దున్నే ఏడింటికి వెళ్లి మొదట చేసేది ఇదే: ఇంక్యుబేటర్ తెర మీది అంకె ఒక గడిలో, విడి థర్మామీటర్ చూపిన అంకె పక్క గడిలో రాయడం.

37 అన్నది నిజంగా సరైన అంకేనా అన్న అనుమానం వీళ్లకూ ఉంది. శరీరంలో అండం పెరిగే ఫాలికిల్ చుట్టుపక్కల కంటే ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉండొచ్చని కొలిచి చెప్పినవాళ్లున్నారు. అలాంటప్పుడు 36 మేలేమో? 2014లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో 52 జంటల నుంచి వచ్చిన 805 అండాలను రెండుగా పంచి, సగం 36లో, సగం 37లో పెంచారు. 36 దగ్గర పెరిగినవాటిలో మూడో రోజుకు కణాలు తక్కువ, పనికొచ్చే బ్లాస్టోసిస్టులూ తక్కువ. క్రోమోజోముల లోపాల్లో గానీ, గర్భాశయంలో నిలిచే రేటులో గానీ తేడా కనిపించలేదు. 2019లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నీ పరిశీలిస్తే లెక్కకు నిలిచినవి మూడే. వాటిని బట్టి ఏ ఉష్ణోగ్రత మేలో తేల్చలేమని చెప్పింది. కాబట్టి "మా ల్యాబ్‌లో ప్రత్యేక ఉష్ణోగ్రత పెడతాం, అందుకే మా సక్సెస్ రేటు ఎక్కువ" అని ఎవరైనా ప్రకటన ఇస్తే నేనైతే నమ్మను. అంకె ఏదైనా, అది చుక్క దగ్గర రోజంతా కదలకుండా ఉందా అన్నదే అడుగుతాను.

ఇదే నగరంలో ఇంకో వింత ఉంది. బహదూర్‌పురాలో మన జూపార్కుకు వెళ్లినవాళ్లు మగ్గర్ మొసళ్లను చూసే ఉంటారు. వీటికి ఆడా మగా అన్నది క్రోమోజోములు నిర్ణయించవు, గుడ్డు పొదిగిన వేడి నిర్ణయిస్తుంది. మద్రాస్ క్రొకడైల్ బ్యాంకులో జరిగిన పరిశోధన 1989లో అచ్చయింది. 28 నుంచి 31 డిగ్రీల దాకా స్థిరంగా ఉంచితే అన్నీ ఆడవే. 32.5 దగ్గర అన్నీ మగవే. ఒకటిన్నర డిగ్రీతో తరమంతా తారుమారు! నా డీఎస్18బీ20ని నమ్ముకుని మొసలి గుడ్లు పొదిగించి ఉంటే ఏం పుట్టేవో తల్చుకుంటే నవ్వొస్తుంది.

మరి మనకేం పని?

ఈ పేజీ చదివేవాళ్లలో సగం మంది బీటెక్ వాళ్లే అయ్యుంటారు కాబట్టి సూటిగా చెప్తాను. ఎంబ్రియాలజిస్టు కావాలంటే బీటెక్ చాలదు. 2021 నాటి ఏఆర్‌టీ చట్టం, దాని కింద వచ్చిన నిబంధనలు అర్హతల్ని స్పష్టంగా రాశాయి. క్లినికల్ ఎంబ్రియాలజీలో పూర్తిస్థాయి పీజీ, ఆపైన ల్యాబ్ అనుభవం ఉండాలి. ఎంబీబీఎస్, వెటర్నరీ డిగ్రీ చేసినవాళ్లూ ఈ పీజీ చేసి రావచ్చు, సంబంధిత అంశంలో పీహెచ్‌డీ చేసినవాళ్లకూ దారి ఉంది. మణిపాల్ లాంటి చోట్ల ఈ కోర్సుంది. రెండు వారాల సర్టిఫికెట్ కోర్సు చేస్తే ఎంబ్రియాలజిస్టు అయిపోతారని ఫీజు అడిగేవాళ్లు కనిపిస్తారు. ఆ సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది.

కానీ ఆ ల్యాబ్‌లో కొలిచే పని, సెన్సర్ సరిచూసే పని, తేడా వస్తే అర్ధరాత్రి ఫోన్‌కు అలారం పంపే పని ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎలక్ట్రానిక్స్, బయోమెడికల్ వాళ్లది. పరికరాల కంపెనీల సర్వీసు విభాగాల్లో, క్యాలిబ్రేషన్ ల్యాబుల్లో ఈ పనులుంటాయి. మా బ్యాచ్‌లో దీని గురించి ఒక్కరూ చెప్పలేదు, క్యాంపస్‌కు వచ్చినవన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలే.

కోళ్ల వైపు చూస్తే హైదరాబాద్ చిన్న ఊరేం కాదు. రాజేంద్రనగర్‌లో ఐకార్ వారి కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది, పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ రకాలు అక్కడివే. పి.వి. నరసింహారావు పేరిట ఉన్న వెటర్నరీ యూనివర్సిటీ ఆ దగ్గరే. పాతబస్తీ నుంచి అత్తాపూర్ వైపు వెళ్తే సీసీఎంబీ వారి లాకోన్స్ ఉంది. అంతరించిపోయే జంతువుల సంతతిని కాపాడే ప్రయోగశాల అది. కృత్రిమ గర్భధారణతో 2006లో అక్కడ పుట్టిన చుక్కల దుప్పికి స్పాటీ అని పేరు పెట్టారు. జీవశాస్త్రం చదివేవాళ్లు ప్రాజెక్టుల కోసం ముందుగా వెబ్‌సైట్లలో ప్రకటనలు చూడండి, గేటు దగ్గరికెళ్లి అడిగితే లాభం లేదు. నేను అడిగి చూశాను.

నా పెట్టె సంగతి. బల్బులు తీసేసి పక్కగోడకు హీటర్ తీగ పెట్టాను, ఫ్యాను దిశ మార్చాను, ఒక సెన్సర్ బదులు నాలుగు పెట్టాను, వాటిలో ఒకటి గుడ్డంత నీళ్ల సంచీలో ఉంటుంది. నాలుగింటినీ వారానికోసారి జ్వరం థర్మామీటర్ పక్కన పెట్టి తేడా రాసుకుంటాను. ఆగస్టులో వనరాజా గుడ్లు 20 పెడితే 16 పిల్లలొచ్చాయి, 21వ రోజునే. ఫొటో తీసుకెళ్లి చాచాకు చూపించాను. ఆయన ఫొటో చూసి ఏమీ అనలేదు. చాయ్ పోయించారు.

జనవరిలో ఒకరోజు పొద్దున్నే ఇంటికొచ్చారు. సంచీలో 18 గుడ్లు, ఆ వారంలో పెట్టినవే. గుడ్లతోపాటు గుడ్డలో చుట్టిన ఇంకో వస్తువు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన సొంత థర్మామీటర్.